ట్రావెలర్ 3350ని క్యాంపర్‌గా మార్చడం: ప్రాజెక్టు డైరీ

లోపలే పడుకుని, వండుకుని తిరిగేలా ఒక వ్యాన్‌ను క్యాంపర్‌గా మార్చిన పని ఇది. బండి ఫోర్స్ ట్రావెలర్, 3350 మి.మీ. వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం), డీజిల్, ప్యాసింజర్ బాడీ. 1987లో బజాజ్ టెంపో కంపెనీ మెర్సిడెస్ టీ1 వ్యాన్ ఆధారంగా తెచ్చిన డిజైన్ ఇది. కంపెనీ పేరు 2005లో ఫోర్స్ మోటార్స్‌గా మారినా జనం నోట ఇప్పటికీ టెంపో ట్రావెలరే. దీన్ని ఎంచుకోవడానికి రెండు కారణాలు. లోపల నిలబడొచ్చు. ఏ మండల కేంద్రంలో ఆగిపోయినా దీని పని తెలిసిన మెకానిక్ దొరుకుతాడు. ఇద్దరు పడుకోవాలి, ఒక పూట వండుకోవాలి, రెండు రాత్రులు బయటి కరెంటు లేకుండా గడవాలి. లక్ష్యం అంతే.

యూరప్, అమెరికా వాళ్ల వీడియోలు చూసి కొలతలు తీసుకునేవాళ్లకు ముందే ఒక మాట. వాళ్లు చలికి కట్టుకుంటారు. మనం కట్టాల్సింది రోహిణి కార్తె ఎండకు, ఆపైన కోస్తా ఉక్కపోతకు. హీటరు, మందపాటి ఇన్సులేషన్ (వేడి, చలి దాటకుండా ఆపే పొర) నేల, గోడల లోపలివైపు ప్లాస్టిక్ షీటు ఇక్కడ దండగ. కొన్నిచోట్ల నష్టం కూడా. ఈ బండిలో ప్రతి నిర్ణయం వేడి, చెమ్మ, గాలి అనే మూడింటి చుట్టూనే తిరిగింది.

కాగితాలు

గ్రైండర్ పట్టుకోకముందే తేల్చుకోవాల్సింది ఇదే. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, ఆర్సీలోని వివరాలు కంపెనీ మొదట ఇచ్చిన స్పెసిఫికేషన్‌తో తేడా పడేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే గట్టిగా చెప్పింది. సీట్లు పీకి మంచం వేస్తే సీటింగ్ కెపాసిటీ మారుతుంది, బాడీ రకమూ మారుతుంది. మన దగ్గర మోటార్ కారవాన్‌లకు ఏఐఎస్-124 అనే ప్రమాణం ఉంది. బండిని అప్పగించే ముందు వర్క్‌షాపువాళ్లను అడగాల్సిన మొదటి ప్రశ్న: ఈ ప్రమాణం కింద ఏఆర్ఏఐ, ఐక్యాట్ లాంటి టెస్టింగ్ ఏజెన్సీ ఆమోదం మీకుందా? తర్వాత ఆర్టీవో ఆఫీసు, ఇన్సూరెన్స్ కంపెనీ, రెండింటికీ రాతపూర్వకంగా తెలపాలి. "ఎవరు చూస్తారులే" అనే మాట క్లెయిమ్ రోజున పనికిరాదు.

ప్రయాణంలో మనిషి కూర్చునే ఏ సీటునూ కొత్త చోటికి మార్చలేదు. డ్రైవరు, పక్క సీటు, వెనక ఒక జంట సీటు కంపెనీ బిగించిన చోటే, కంపెనీ బెల్టులతోనే ఉన్నాయి. ప్లైవుడ్ పెట్టెకు బెల్టు బిగించి దాని మీద మనిషిని కూర్చోబెడితే, బ్రేకు వేసినప్పుడు పెట్టెతో సహా మనిషి ముందుకొస్తాడు.

రేకు పని

సీట్లు, రబ్బరు మ్యాట్, సీలింగ్ ప్యానెళ్లు విప్పాక అసలు బండి బయటపడింది. పాత ట్రావెలర్‌లో తుప్పు వెతకాల్సిన చోట్లు: వెనక తలుపు కింది అంచు, చక్రాల పైనున్న గూళ్ల అతుకులు, మెట్టు దగ్గర మ్యాట్ కింద, కిటికీ రబ్బరు కింది మూలలు. సుత్తి పిడితో తట్టుకుంటూ పోవాలి. ఖణేల్ మంటే సరే. దబ్ మంటే లోపల తినేసినట్టు.

పై తుప్పును వైర్ బ్రష్‌తో గీకి, ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న రస్ట్ కన్వర్టర్ పూసి, ఆరాక ఎపాక్సీ ప్రైమర్ రెండు కోట్లు కొట్టాం. చిల్లు పడ్డచోట పుట్టీ పెట్టకూడదు. అక్కడ రేకు కోసి కొత్త ముక్క వెల్డింగ్ చేయాల్సిందే. పుట్టీ నీళ్లు పీల్చుకుని, కింద తుప్పును దాచిపెట్టి, రెండో వానాకాలానికి ఊడివస్తుంది.

టాపుకు తెల్ల పీయూ (పాలీయురేథేన్) పెయింటు వేశాం. ఇంతకంటే చవకగా వేడి తగ్గించే పని ఈ ప్రాజెక్టులో ఇంకోటి లేదు.

ఫ్యాను కోసం టాపుకు 355 మి.మీ. చదరపు చిల్లు పెట్టాం. మార్కెట్లో దొరికే 14 అంగుళాల రూఫ్ వెంట్లకు సరిపోయే కొలత అది. కోసిన అంచును ఫైలుతో నునుపు చేసి, అప్పటికప్పుడే ప్రైమర్ పూయాలి. సాయంత్రం దాకా వదిలితే విజయవాడ గాలికే ఎర్రబడుతుంది. టాపు రేకు గాడులుగా ఉంటుంది కాబట్టి ఫ్రేము సమంగా కూర్చోదు. గాడుల్లో సరిపడే అల్యూమినియం పట్టీలు పరిచి లెవెల్ చేసి, వాటి కింద బ్యూటైల్ టేపు (జిగురు రబ్బరు పట్టీ), చుట్టూ పాలీయురేథేన్ సీలెంట్ వేశాం. బాత్‌రూముల్లో వాడే సిలికాన్ ఇక్కడ వద్దు. రేకు ఎండకు సాగి రాత్రికి ముడుచుకుంటుంది, సిలికాన్ అంచు వదిలేస్తుంది. దాని మీద పెయింటూ నిలవదు. ఒకసారి సిలికాన్ అంటిన చోట మరో సీలెంట్ అంటించాలన్నా తంటాయే.

వేడి

టాపు వైశాల్యం సుమారు 5.3 చదరపు మీటర్లు. ఎండలో రేకు 70 డిగ్రీలు, లోపల గాలి 35 డిగ్రీలు అనుకుందాం. ఉత్త రేకు అయితే ఒక్క టాపు నుంచే వెయ్యి వాట్లకు పైగా వేడి లోపలికి దిగుతుంది. గదిలో హీటరు వేసి కూర్చున్నట్టే. 25 మి.మీ. క్లోజ్డ్ సెల్ ఫోమ్ (నీరు పీల్చని, మూసిన బుడగల ఫోమ్) వేస్తే అది దాదాపు 200 వాట్లకు పడిపోతుంది. 50 మి.మీ. వేస్తే ఇంకో వంద వాట్లు తగ్గుతాయి కానీ తల పైన జాగా పోతుంది. అందుకే టాపుకు 25, గోడలకు 19, నేలకు 10 మి.మీ. దగ్గర ఆగాం.

సరుకు విషయానికొస్తే, ఎక్స్‌ఎల్‌పీఈ (పాలిథిలీన్ ఫోమ్) గానీ నైట్రైల్ రబ్బరు ఫోమ్ గానీ వాడొచ్చు. ఏసీ డక్టులు చేసేవాళ్ల దగ్గర రోల్ లెక్కన దొరుకుతాయి. థర్మాకోల్ చవకే కానీ 80 డిగ్రీల దగ్గరికొచ్చేసరికి మెత్తబడి కుంగుతుంది, టాపు రేకు దాని చుట్టుపక్కలే తిరుగుతుంది. పైగా గతుకుల్లో రేకుకు రాసుకుని కీచుమంటుంది. గ్లాస్‌వుల్ చెమ్మ పట్టిందంటే తడిబట్టే. వెండి రంగు బబుల్ షీటును నేరుగా రేకుకు అంటించేవాళ్లు చాలామంది. మెరిసే ముఖం ముందు కనీసం 20 మి.మీ. ఖాళీ గాలి లేకపోతే అది వేడిని తిప్పికొట్టలేదు, అక్కడ మిగిలేది పల్చటి ప్లాస్టిక్ పొర మాత్రమే.

ఫోమ్ అంటించే ముందు రేకు మీద బ్యూటైల్ డ్యాంపింగ్ షీటు వేశాం. ప్రతి ప్యానెల్‌లో మధ్య పావు భాగం కప్పితే చాలు, మోత తగ్గుతుంది. పూర్తిగా కప్పితే బరువు, ఖర్చు తప్ప తేడా ఏమీ వినబడదు. అంటించడానికి మామూలు సింథటిక్ రబ్బరు జిగురు వాడితే ఎండకు టాపు మీది ఫోమ్ ఊడి వేలాడుతుంది. అధిక ఉష్ణోగ్రత తట్టుకునే కాంటాక్ట్ జిగురు అడిగి తీసుకోవాలి. రెండు వైపులా పూసి, వేలికి అంటనంతగా ఆరనిచ్చి, అప్పుడు అదమాలి. తొందరపడి తడిమీద అంటిస్తే లోపలి సాల్వెంట్ ఆవిరికి ఫోమ్ బుడగలు లేస్తుంది.

ఫోమ్ అంతా వేసినా, ప్లైవుడ్‌ను నేరుగా రేకు పక్కటెముకలకు స్క్రూ చేస్తే వేడి ఆ దారిన లోపలికి వస్తుంది. మధ్యాహ్నం చెయ్యి పెడితే చారలు చారలుగా తెలుస్తుంది. ప్రతి పక్కటెముక మీద 6 మి.మీ. ఫోమ్ టేపు అంటించి, దానిపైన ప్లైవుడ్ బిగించాం.

ఇక లోపలివైపు ప్లాస్టిక్ షీటు సంగతి. చలిదేశాల్లో చెమ్మ లోపలి మనిషి ఊపిరి నుంచి బయటి చల్లటి రేకు వైపు పోతుంది, అందుకని లోపల అడ్డుపెడతారు. సూర్యలంక దగ్గర రాత్రి ఏసీ వేసుకుంటే కథ తిరగబడుతుంది. బయటి ఉప్పు గాలిలోని చెమ్మ లోపలి చల్లటి గోడ వైపు వస్తుంది. అప్పుడు ఆ ప్లాస్టిక్ షీటు వెనకే నీరు చేరి ప్లైవుడ్ నల్లబడుతుంది. రేకుకు ఖాళీ లేకుండా అంటిన క్లోజ్డ్ సెల్ ఫోమ్ అయితే ఎటువైపు చెమ్మకైనా అడ్డే. అతుకుల మీద ఫాయిల్ టేపు తప్పనిసరి.

గాలి

ఫ్యాను వెనకవైపు టాపులో ఉంటుంది, లోపలి గాలిని బయటికి తోస్తుంది. ముందు కిటికీ కాస్త తెరిస్తే గాలి బండి పొడవునా పారుతుంది. ఫ్యాను పక్క కిటికీయే తెరిస్తే గాలి అక్కడి నుంచి అక్కడికే పోతుంది, మంచం దగ్గర ఆకు కదలదు. కిటికీలకు దోమతెర ఫ్రేములు చేశాం. తెర వల్ల గాలి తగ్గుతుంది, కాబట్టి తెరిచే వైశాల్యం ఫ్యాను చిల్లు కంటే కనీసం రెట్టింపు ఉండాలి. పడుకునేవాళ్ల మీదికి నేరుగా గాలి కొట్టేందుకు రెండు 12 వోల్టుల బీఎల్డీసీ (తక్కువ కరెంటుతో నడిచే మోటారు) ఫ్యాన్లు విడిగా పెట్టాం. ఉక్కపోతలో ఒంటి చెమట ఆరాలంటే గాలి తగలాలి, గదిలోని గాలి మారితే సరిపోదు.

ఏసీ లెక్క సూటిగా చెప్పాలి. ముప్పావు టన్ను ఇన్వర్టర్ ఏసీ రాత్రి సగటున 400 వాట్లు తీసుకున్నా, ఎనిమిది గంటలకు 3.2 యూనిట్లు (యూనిట్ అంటే 1000 వాట్ అవర్లు). కింద చెప్పబోయే మన బ్యాటరీ మొత్తం 2.56 యూనిట్లు. అందుకే ఏసీ బయటి 230 వోల్టుల ప్లగ్గు మీదే నడుస్తుంది. హరిత హోటల్ ఆవరణలోనో, బంధువుల ఇంటి ముందో ఆపినప్పుడు వేసుకోవాలి. ఆ లైనుకు బండిలోనే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్సీసీబీ (కరెంటు లీకైతే ఆపేది), 16 ఆంపియర్ల ఎంసీబీ (లోడు మించితే ఆపేది) ఉన్నాయి. బాడీ రేకుకు ఎర్త్ కలిపాం. అవతలి సాకెట్‌లో ఎర్త్ నిజంగా ఉందో లేదో టెస్టర్‌తో చూడకుండా ప్లగ్గు పెట్టవద్దు. టైర్లు రబ్బరువి. లీకేజీ ఉంటే కింద నిలబడి తలుపు పట్టుకున్న మనిషి గుండా కరెంటు నేలకు పోతుంది.

కరెంటు

రోజువారీ ఖర్చు ముందు రాసుకున్నాం. 45 లీటర్ల కంప్రెసర్ ఫ్రిజ్ నడిచేటప్పుడు 45 వాట్లు, మన వేసవిలో సగం సమయం నడుస్తుంది: 540 వాట్ అవర్లు. రూఫ్ ఫ్యాను 240. రెండు చిన్న ఫ్యాన్లు 240. లైట్లు 80. ఫోన్లు, ల్యాప్‌టాప్ 200. పంపు 10. మొత్తం 1,310. దీనికి 12.8 వోల్టుల, 200 ఆంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ పెట్టాం. మబ్బు పట్టినా ఒకటిన్నర రోజు పైనే లాగుతుంది.

ఈ లెక్కలో చాలామంది మరిచేది ఇన్వర్టర్. బ్యాటరీ కరెంటును 230 వోల్టులుగా మార్చే 1000 వాట్ల ప్యూర్ సైన్ ఇన్వర్టర్‌కు ఏమీ తగిలించకపోయినా 12 వాట్లు తాగుతూ ఉంటుంది. రోజంతా ఆన్‌లో వదిలితే 288 వాట్ అవర్లు, అంటే ఫ్రిజ్ వాటాలో సగానికి పైన. స్విచ్చును మంచం పక్కకు తెచ్చాం, పడుకునే ముందు ఆపేయడానికి.

టాపు మీద రెండు 200 వాట్ల మోనో ప్యానెళ్లు. ప్యానెల్ 65 డిగ్రీలకు వేడెక్కితే, ఒక్కో డిగ్రీకి 0.35 శాతం చొప్పున 25 డిగ్రీల రేటింగ్ నుంచి 14 శాతం ఉత్పత్తి పోతుంది. కాబట్టి టాపుకు అంటించే ఫ్లెక్సిబుల్ ప్యానెళ్లు కాకుండా గట్టి ఫ్రేమువి తీసుకుని, కింద 50 మి.మీ. ఖాళీ ఇచ్చాం. గాలి ఆడి ప్యానెల్ చల్లబడుతుంది, కింద టాపుకు నీడ కూడా. మంచి ఎండ రోజున 1,250 వాట్ అవర్ల దాకా ఆశించవచ్చు. కొరత తీర్చేది ఇంజిన్: ఇంజిన్ ఆల్టర్నేటర్ కరెంటును హద్దులో ఉంచి బ్యాటరీకి పంపే 30 ఆంపియర్ల డీసీ-డీసీ చార్జర్ రెండు గంటల డ్రైవింగ్‌లో సుమారు 800 వాట్ అవర్లు ఇస్తుంది. ఇది లేకుండా లిథియం బ్యాటరీని రిలే ద్వారా నేరుగా ఆల్టర్నేటర్‌కు కలిపితే, బ్యాటరీ ఎంత దొరికితే అంత లాగుతుంది, ఆల్టర్నేటర్ వేడెక్కి కాలుతుంది. ముందుగా బండి 12 వోల్టులదో 24 వోల్టులదో మల్టీమీటర్‌తో చూసుకోవాలి.

వైరు మందం: ఇంజిన్ దగ్గరి నుంచి బ్యాటరీ పెట్టెకు 6 మీటర్లు, రాను పోను 12. 30 ఆంపియర్ల దగ్గర 10 చదరపు మి.మీ. వైరులో 0.63 వోల్టు పోతుంది, 16 చదరపు మి.మీ.లో 0.39. రెండోదే వేశాం. ఇన్వర్టర్‌కు 35 చదరపు మి.మీ. వైరు, మీటరు కంటే తక్కువ పొడవు, 150 ఆంపియర్ల ఫ్యూజు. ఫ్యూజు బ్యాటరీ ప్లస్ టెర్మినల్‌కు జానెడు దూరం లోపలే ఉండాలి. ఫ్యూజుకు ముందున్న వైరు రేకుకు రాసుకుని షార్ట్ అయితే ఆపేవాడు లేడు.

వైరు కొనేటప్పుడు ఒక కొస బ్లేడుతో గీకి చూడాలి. రాగి పూత వేసిన అల్యూమినియం వైరును రాగి ధరకే అంటగట్టడం మామూలైపోయింది. గీస్తే లోపల తెల్లగా మెరిస్తే తీసుకోవద్దు. రాగి అయితే కోసినచోట కూడా ఎర్రగానే ఉంటుంది. లగ్గులను (వైరు కొసకు తొడిగే రాగి బిళ్లలు) హైడ్రాలిక్ క్రింపర్‌తో నొక్కాం. సోల్డర్ పెట్టినచోట వైరు బిగుసుకుపోయి, అదురుకు ఆ అంచులోనే తెగుతుంది. రేకులో వైరు దూరే ప్రతి చిల్లుకూ రబ్బరు గ్రామెట్ ఉంది.

బ్యాటరీని సైలెన్సర్ పైప్ పోయే వైపు పెట్టలేదు. ఈ రకం బ్యాటరీల్లో చాలావాటికి చార్జింగ్ పరిమితి 45 డిగ్రీల దగ్గర ఉంటుంది. మూసిన పెట్టెలో మే నెల మధ్యాహ్నం అది దాటితే బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే లోపలి సర్క్యూట్) చార్జింగ్ ఆపేస్తుంది. ఎండ మండుతుంటే సోలార్ ఎందుకు ఎక్కడం లేదని తల పట్టుకునేవాళ్లకు జవాబు చాలాసార్లు ఇదే. పెట్టెకు కింద, పైన చిల్లులు పెట్టి 80 మి.మీ. కంప్యూటర్ ఫ్యాను బిగించాం.

చెక్క పని

లోపలి వెడల్పు ఫోమ్, ప్లై పోను 1.75 మీటర్లు. మంచం అడ్డంగా వేస్తే జాగా కలిసొస్తుంది కానీ ఐదడుగుల ఆరంగుళాలు దాటినవాళ్లకు కాళ్లు ముడుచుకోక తప్పదు. అందుకని నిలువుగా, 1.9 మీటర్ల పొడవు, 1.15 వెడల్పు. రాత్రి పట్టీలు లాగితే 1.35 అవుతుంది. ఫ్రేము 40×40 అల్యూమినియం ప్రొఫైల్, పైన 12 మి.మీ. ఐఎస్ 710 మెరైన్ ప్లై. 8×4 షీటు 12 మి.మీ.ది సుమారు 23 కిలోలు, 18 మి.మీ.ది 35. ఇంటి పనికి అలవాటుపడ్డ వడ్రంగి చెయ్యి దానంతటదే 18 వైపు పోతుంది, దగ్గరుండి ఆపాలి. రెండు వైపులా 1 మి.మీ. లామినేట్ వేస్తే షీటుకు ఇంకో 8 కిలోలు. కనబడే ముఖానికే వేసి, మిగతా వైపు పీయూ కోటింగ్ ఇచ్చాం. కోసిన ప్రతి అంచుకూ కోటింగ్ పడాలి, చెమ్మ దూరేది అక్కడే.

రేకుకు స్క్రూలు వాడలేదు. పల్చటి రేకులో స్క్రూ పట్టు రెండు మరలే, అదురుకు చిల్లు పెద్దదవుతుంది. ఎం6, ఎం8 రివ్‌నట్లు (రేకు చిల్లులో బిగుసుకునే మరల నట్లు), అదురుకు వదులవని నైలాక్ నట్లు వాడాం. నేలకు చిల్లు పెట్టే ముందు బండి కింద పడుకుని చూడాలి. డీజిల్ ట్యాంకు, బ్రేకు పైపు, వైరింగ్ కట్ట ఎటు పోతున్నాయో సుద్దముక్కతో పైన గీసుకున్నాకే డ్రిల్.

వంట, నీళ్లు

స్టవ్ వెనక తలుపు దగ్గర, బయటికి జారే బల్ల మీద ఉంది. వంటింటి డ్రాయర్లకు వేసే 45 కిలోల చానెళ్లు ఇక్కడ నిలవవు. అదురుకు బాల్ కేజ్ జరిగి, ఓ రోజు సగంలో ఇరుక్కుంటుంది. లాక్ ఉన్న 100 కిలోల రకం వేశాం. గ్యాస్ 5 కిలోల సిలిండర్, బయటి నుంచి మాత్రమే తెరుచుకునే గూటిలో ఉంటుంది. ఎల్పీజీ గాలి కంటే బరువు, కారితే నేల మీద మడుగు కడుతుంది. అందుకే గూటి అడుగున నేరుగా రోడ్డుకు తెరుచుకునే 50 మి.మీ. చిల్లు పెట్టాం. లోపలి వైపు అతుకులన్నీ సీలు. గ్యాస్ డిటెక్టర్ నేలకు జానెడు ఎత్తులో ఉంది. పొగ అలారంలా సీలింగ్‌కు బిగిస్తే అది మోగేలోపు ఆలస్యమైపోతుంది.

నీళ్ల ట్యాంకు 60 లీటర్లు, వెనక యాక్సిల్‌కు కాస్త ముందు. 12 వోల్టుల డయాఫ్రం పంపు, నిమిషానికి 4 లీటర్లు, ముందు జాలీ ఫిల్టర్. ట్యాంకు పైన గాలి గొట్టం లేకపోతే పంపు లాగుతున్నకొద్దీ ట్యాంకు డొక్కలు లోపలికి పోతాయి, చివరికి నీళ్లు ఆగిపోతాయి. వెలుతురు పడే తెల్ల ట్యాంకులో వారానికే పాచి పడుతుంది, నల్ల షీటు చుట్టాలి. వాడిన నీళ్లకు 35 లీటర్ల ట్యాంకు కింద వేలాడుతుంది. అనంతగిరి ఘాట్‌లోనో, బీచ్ పక్కనో నేల మీద వదిలే పని లేదు.

కాటా

మార్చకముందు ఈ బండి మోసే పదమూడు మంది మనుషులు, తలకు 68 కిలోలు వేసుకుంటే 884 కిలోలు. ఈ సామానంతా నీళ్లతో కలిపి దానికి చాలా తక్కువే. కాబట్టి మొత్తం బరువు భయం లేదు, పంపకం దగ్గరే జాగ్రత్త. వేబ్రిడ్జి మీద మొదట ముందు చక్రాలు మాత్రమే, తర్వాత మొత్తం బండి, ఆపైన కుడి చక్రాలు మాత్రమే ఎక్కించి మూడు చీటీలు తీసుకోవాలి. తీసివేతలతో నాలుగు వైపుల లెక్కా తేలుతుంది. మంచం, బ్యాటరీ, నీళ్లు ఒకే వైపు పడ్డాయంటే మలుపుల్లో బండి అటు ఒరుగుతుంది. మా అమరికలో మంచం డ్రైవరు వైపు, నీళ్లు, బ్యాటరీ, ఫ్రిజ్ ఎడమ వైపు ఉన్నాయి.

పూర్తి లోడుకు చేసిన వెనక కమాను పట్టీలు ఈ తక్కువ బరువుకు గట్టిగా తన్నుతాయి. పట్టీ తీసేయమని సలహా ఇచ్చేవాళ్లున్నారు, వినవద్దు. డోర్ ఫ్రేము మీద రాసిన లోడు పట్టికలో తక్కువ లోడుకు ఇచ్చిన టైరు ప్రెషర్ పెట్టుకుంటే సగం తగ్గుతుంది. మిగిలిన అదురుకు నట్లు వదులవుతాయి. ప్రతి నట్టు మీద పెయింట్ మార్కరుతో ఒక గీత, అదే గీత కింద వాషర్ మీదికి. ఘాట్ రోడ్డు దిగాక టార్చి వేస్తే ఏ గీత తప్పిందో కనబడుతుంది.

మిగిలిన పనులు: పక్క తలుపు మీద పందిరి గుడ్డకు బ్రాకెట్లు, ముందు అద్దానికి బయటి వైపు ఎండ కవరు, తలుపుకు అయస్కాంతాల దోమతెర. కవరు బయటే ఎందుకంటే, అద్దం దాటి లోపలికొచ్చిన ఎండను లోపలి కర్టెన్ వేడిగా మార్చి క్యాబిన్‌లోనే వదులుతుంది. అవి బిగించాక రెంటచింతల ఎండలో మధ్యాహ్నం రెండింటికి నిలిపి, టాపు రేకు, ప్లై ముఖం, మంచం ఎత్తు, మూడుచోట్లా థర్మామీటర్ పెట్టి అంకెలు ఇక్కడే రాస్తాం.